ఇసుక చేపకు, ఎరువు మొక్కకు: నల్లగొండ నీళ్లలో మొక్కల ఆక్వేరియానికి ఏం పరచాలి, ఏం వేయాలి

అడుగున తిరిగే చేపలు, వేళ్లతో బలం తీసుకునే మొక్కలు ఒకే తొట్టిలో ఉండాలనుకునే వారికి, అడుగున ఏం పరచాలన్న ప్రశ్న వచ్చేసరికి దుకాణాల్లో దొరికే సలహా దాదాపు ఎప్పుడూ మొక్కల పక్షానే ఉంటుంది. ఏ సంచిలో ఎన్ని పోషకాలున్నాయో చెబుతారు గానీ, ఆ గింజల మధ్య రోజంతా మూతి పెట్టి తిండి వెతుక్కునే చేపకు అది ఎలా ఉంటుందో చెప్పేవారు తక్కువ. నేను నల్లగొండలో మూడేళ్లుగా ఒక మూడడుగుల తొట్టిలో కోరిడోరాస్ చేపలను, వాటితో పాటు వాలిస్నీరియా, క్రిప్టోకొరైన్, అమెజాన్ స్వోర్డ్ మొక్కలను పెంచుతున్నాను. ఈ మూడేళ్లలో రంగు గులకరాళ్లు, విదేశీ ఆక్వా సాయిల్ (మొక్కల తొట్టి అడుగున పరిచే మట్టి గింజలు), ఎర్ర చెల్క మట్టి, నది ఇసుక ఒక్కొక్కటిగా వాడి చూశాను. ఎరువుల్లో వేళ్ల దగ్గర పెట్టే బిళ్లలు, సీసాలో వచ్చే ద్రవం, రైతులు కొనే పొడి ఎరువులు వాడాను. అన్నీ సొంత డబ్బుతో కొన్నవే. వాటిలో ఏది నిలిచిందో, ఏది ఎందుకు నిలవలేదో ఇక్కడ రాస్తున్నాను.

ముందుగా నీళ్ల సంగతి చెప్పాలి, ఎందుకంటే ఈ జిల్లాలో మిగతా నిర్ణయాలన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. నల్లగొండ భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువన్నది మనకు తరతరాలుగా తెలిసిన బాధే. పటిక, సున్నం కలిపి నీటి నుంచి ఫ్లోరైడ్‌ను తగ్గించే పద్ధతికి ఈ ఊరి పేరే పెట్టారు. ఫ్లోరైడ్ ఎక్కువగా ఉండే గ్రానైట్ ప్రాంతపు నీళ్లలో సాధారణంగా బైకార్బనేట్లు ఎక్కువగా, కాల్షియం దానితో పోలిస్తే తక్కువగా ఉంటుంది. అంటే పరీక్ష చేసినప్పుడు బైకార్బనేట్లను కొలిచే కేహెచ్ పెద్ద అంకె చూపిస్తుంది, కాల్షియం, మెగ్నీషియంలను కొలిచే జీహెచ్ అంత ఉండదు. మా ఇంటి బోరు నీళ్లలో కేహెచ్ 16, జీహెచ్ 9, పీహెచ్ 8.2 వచ్చాయి. పానగల్లు ఉదయసముద్రం నుంచి వచ్చే కృష్ణా నీళ్లు, అంటే మున్సిపల్ కుళాయి నీళ్లు, వీటికంటే చాలా నయం. వాటిలో కేహెచ్ 8 దగ్గర, పీహెచ్ 7.8 దగ్గర ఉంటోంది. నేను కుళాయి నీళ్లకే సోడియం థయోసల్ఫేట్ కలిపి, క్లోరిన్ పోగొట్టి వాడుతున్నాను. ఇదే మహబూబ్‌నగర్ వైపు బోరు మీద ఆధారపడే ఇంట్లో అయితే, కింద ఆక్వా సాయిల్ గురించి రాసిన మాటలు ఇంకా గట్టిగా వర్తిస్తాయి.

ఇక చేప సంగతి. కోరిడోరాస్ దక్షిణ అమెరికాకు చెందిన చిన్న జెల్ల జాతి చేప. పొలుసుల బదులు పక్కల రెండు వరుసల ఎముక పలకలు ఉంటాయి, నోటి చుట్టూ మెత్తని మీసాలు ఉంటాయి. మా తొట్టిలో ఉన్నది స్టెర్బాయి రకం. శాస్త్రవేత్తలు 2024లో ఈ ప్రజాతిని విడదీసి దీనిని హోప్లిసోమాలో చేర్చారు గానీ, దుకాణాల్లో ఇంకా కోరిడోరాస్ పేరే నడుస్తోంది. పాండా రకం చల్లని నీళ్లు కోరుకుంటుంది కాబట్టి మన ఎండలకు తట్టుకోలేదు; స్టెర్బాయి వేడిని కొంత భరిస్తుంది, అందుకే దానిని ఎంచుకున్నాను. ఈ చేప మేత వెతికే తీరు దగ్గర నుంచి చూస్తేనే అడుగు పొర ఎంత ముఖ్యమో అర్థమవుతుంది. ఇసుక సన్నగా ఉన్న చోట అది మూతిని కళ్ల దాకా లోపలికి దించి, నోటి నిండా ఇసుక తీసుకుంటుంది. ఒక్క క్షణం దవడ కదులుతుంది, తర్వాత రెండు మొప్పల కింది నుంచి ఇసుక సన్నని ధారలుగా జారిపోతుంది, తినదగినది మాత్రం లోపల ఉండిపోతుంది. రోజంతా దాని పని ఇదే. ఇసుక లేని తొట్టిలో ఈ చేప బతకడానికి బతుకుతుంది గానీ, తన పని తాను చేసుకోలేదు.

మొదట్లో నాకు ఇది తెలియదు. తొట్టి కొన్న దుకాణంలోనే రంగు పూసిన నీలి గులకరాళ్ల సంచులు ఇచ్చారు. మొక్కలకూ చేపలకూ ఇదే వేస్తారని చెప్పారు. ఆ రాళ్లు బఠాణీ గింజంత ఉండేవి, కొన్నింటికి విరిగిన అంచులు ఉండేవి. చేపలు వాటి మధ్య సందుల్లోకి మీసాలు పెట్టి వెతికేవి, వేసిన బిళ్ల మేత ముక్కలేమో వాటికి అందనంత లోతుకు జారి కుళ్లిపోయేవి. నాలుగో నెలలో ఒక చేపను టార్చి వెలుగులో చూస్తే ఎడమ పక్క మీసం మొదలంటా లేదు, కుడి పక్కది గోధుమ గింజంత మొండిగా మిగిలి, దాని కొన ఎర్రగా ఉంది. మీసాలు అరగడానికి పదునైన అంచులు ఒక కారణమైతే, రాళ్ల సందుల్లో పేరుకునే మురికిలో పెరిగే బాక్టీరియా అంతకంటే పెద్ద కారణం. రెండూ కలిసిన చోట మీసం నిలవదు. నీళ్లు తరచుగా మార్చి, అడుగును సైఫన్‌తో శుభ్రం చేశాక పుండు మానింది గానీ, మీసం పూర్తిగా తిరిగి రావడానికి ఇసుక మీదికి మారిన తర్వాత కూడా చాలా నెలలు పట్టింది. ఆ చేప ఇప్పటికీ మా తొట్టిలో ఉంది. రంగు గులకరాళ్ల గురించి నేను చెప్పేది ఒక్కటే: అడుగున తిరిగే చేపలుంటే ఏ ధరకూ కొనవద్దు.

రెండోసారి మొక్కల మోజులో పడి ఒక విదేశీ కంపెనీ ఆక్వా సాయిల్ తెప్పించాను. ఇది మట్టిని గుండ్రని గింజలుగా చేసి కాల్చిన పదార్థం. లోపల నత్రజని, సేంద్రియ పదార్థం ఉంటాయి. నీళ్లలోని బైకార్బనేట్లను పీల్చుకుని పీహెచ్‌ను తగ్గిస్తుంది. జపాన్‌కు చెందిన ఏడీఏ సంస్థ అమెజోనియా ఈ కోవలో ప్రపంచమంతటా పేరున్నది. మెత్తని నీళ్లు (ఈ ఉప్పులు తక్కువున్నవి), అదనపు కార్బన్ డయాక్సైడ్, దట్టంగా నాటిన మొక్కలు ఉన్నచోట దీనికి సాటి లేదన్న మాట నిజమే, మొదటి రెండు నెలలు నా మొక్కలు కూడా అంతకు ముందెప్పుడూ లేనంత పచ్చగా పెరిగాయి. కానీ మన నీళ్లలో, మన చేపలతో దీనికి మూడు చిక్కులు ఉన్నాయి.

ఒకటి, కొత్త ఆక్వా సాయిల్ మొదటి కొన్ని వారాలు నీళ్లలోకి అమ్మోనియా వదులుతుంది. చేపలు లేని తొట్టిలో అది మేలే, బాక్టీరియా త్వరగా కుదురుకుంటుంది. చేపలున్న తొట్టిలో మాత్రం అది ప్రాణాంతకం, పీహెచ్ ఎక్కువైన కొద్దీ ఇంకా ప్రమాదం. మొత్తం అమ్మోనియాలో విషపూరితమైన భాగం పీహెచ్ 7 దగ్గర ఒక శాతం లోపే ఉంటుంది. పీహెచ్ 8కి చేరితే అది దాదాపు పది రెట్లు అవుతుంది. నీళ్లు వేడెక్కితే మరింత పెరుగుతుంది. నేను చేపలను ఐదు వారాలు వేరే టబ్బులో ఉంచి, అమ్మోనియా పరీక్షలో సున్నా వచ్చాకే తిరిగి వేశాను. ఆ ఓపిక లేనివారు దీని జోలికి వెళ్లకూడదు.

రెండోది మన కేహెచ్. ఆక్వా సాయిల్‌కు బైకార్బనేట్లను పీల్చుకునే శక్తి కొంత మేరకే ఉంటుంది. మెత్తని నీళ్లలో ఆ శక్తి ఏడాదికి పైగా వస్తుంది; మా ఇంట్లో నీళ్లు మార్చిన ప్రతిసారీ కొత్తగా బైకార్బనేట్లు పోస్తూ ఉండటం వల్ల ఐదో నెలకే అయిపోయింది. అయిపోవడం కంటే, అయిపోయేలోపు జరిగిందే నన్ను ఎక్కువ బాధపెట్టింది. శనివారం తొట్టిలో పీహెచ్ 6.8 ఉంటే, ఆదివారం నీళ్లు మార్చగానే 7.6కు లేచేది, బుధవారానికి మళ్లీ దిగేది. ఇలాంటి ఊగిసలాటకు క్రిప్టోకొరైన్ మొక్కలు ఆకులు కరిగించుకుని కూర్చున్నాయి. ఆర్వో నీళ్లు వాడితే ఈ సమస్య ఉండదు, కానీ ప్రతి వారం యాభై లీటర్ల ఆర్వో నీళ్లు మోయడం అందరికీ కుదిరే పని కాదు.

మూడోది నేరుగా చేపకు సంబంధించినది. ఆ గింజలు మెత్తనివే, మీసాలకు గుచ్చుకోవు. అయితే మొప్పల గుండా జారేంత సన్నవి కావు, బరువు కూడా తక్కువ. ఎనిమిది కోరిడోరాస్ రోజంతా తవ్వుతుంటే గింజలు పొడి అయి, ప్రతి కదలికకూ గోధుమ రంగు మబ్బు లేస్తుంది. కొత్తగా నాటిన మొక్కలు తెల్లారేసరికి పైకి తేలి ఉంటాయి. కాబట్టి ఈ సరుకు నాసిరకం అని నేను అనను. రొయ్యలు, పైన ఈదే చిన్న చేపలు, ఆర్వో నీళ్లు ఉన్న తొట్టికి ఇది మంచిదే. నా తొట్టికి సరిపోలేదు.

ఎర్ర చెల్క మట్టిని అడుగున వేసి పైన ఇసుక కప్పే పద్ధతిని ఒక చిన్న తొట్టిలో ప్రయత్నించాను. ఖర్చు లేదు, ఇనుము పుష్కలం, వాలిస్నీరియా బాగా అల్లుకుంది. అయితే పైన కప్పిన ఇసుక రెండంగుళాల కంటే పలచబడిన చోట కుహ్లి లోచ్‌లు అనే పాములాంటి సన్నని చేపలు లోపలికి దూరి మట్టిని పైకి తెచ్చాయి, ఆ బురద నీళ్లు తేటపడటానికి మూడు రోజులు పట్టింది. తవ్వని చేపలున్నవారు చేసుకోవచ్చు. పొలాల్లో వాడే పశువుల ఎరువు, డీఏపీ పడని చోటు నుంచి మట్టి తీసుకోవాలి. నల్లరేగడి మాత్రం వద్దు. తడిస్తే ఉబ్బుతుంది, అందులోని సున్నపు గడ్డలు నీళ్లను ఇంకా గట్టిపరుస్తాయి. మేస్త్రీలు రోబో ఇసుక అని పిలిచే క్రషర్ ఇసుక కూడా వద్దు. రాయిని పగలగొట్టి చేసినది కాబట్టి గోడకు బాగా పట్టే ఆ కోణాలే చేప మొప్పలకు పనికిరావు.

నిలిచింది నది ఇసుక. ఏళ్ల తరబడి నీళ్లలో దొర్లి అంచులు అరిగిన గింజలు, అర మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు వరకు పరిమాణం, ఇంతకంటే కోరిడోరాస్‌కు కావలసింది లేదు. ఇల్లు కట్టే చోట ఒక సిమెంటు సంచి నిండా అడిగితే ఎవరూ కాదనరు. అది ఎక్కడి ఇసుకో మాత్రం అడిగి తెలుసుకోవాలి. హైదరాబాద్ మురుగును మోసుకొచ్చే మూసీ ఇసుకను నేను తొట్టిలో వేయను. నేను తెచ్చుకున్నది డిండి వాగు వైపు నుంచి వచ్చినది. మన నదుల ఇసుక గ్రానైట్ నుంచి పుట్టినదే కాబట్టి అందులో ఎక్కువగా పలుగు రాయి, కొంత గులాబీ రంగు గింజలు, అక్కడక్కడ మెరిసే అభ్రకం ఉంటాయి. ఇవేవీ నీళ్లను మార్చవు. నత్తగుల్లల ముక్కలు మాత్రం మారుస్తాయి. అందుకే గుప్పెడు ఇసుకను గాజు గ్లాసులో వేసి, బాత్‌రూం కడిగే యాసిడ్ కొద్దిగా పోసి చూడాలి. బుడగలు లేస్తే అందులో సున్నం ఉన్నట్టే. రెండు మూడు బుడగలైతే గుల్ల ముక్కలు ఏరి వాడుకోవచ్చు, నురగ కడితే ఆ ఇసుక తిప్పి పంపాలి. పరీక్షించిన గుప్పెడును తొట్టిలో కలపకూడదు.

జల్లించడం, కడగడం రెండూ ఒక పూట పని. ముందు రవ్వ జల్లెడతో పట్టి పైన మిగిలిన రాళ్లు తీసేశాను, తర్వాత సన్నని పిండి జల్లెడతో పట్టి కిందికి రాలిన దుమ్మును పారేశాను. మధ్యలో నిలిచిందే మనకు కావలసినది. ఆ దుమ్మును ఉంచితే అడుగు పొర సిమెంటులా బిగుసుకుంటుంది, వేళ్లకు గాలి ఆడదు. బకెట్లో సగం ఇసుక వేసి పైపు నీళ్లతో కలియబెడుతూ, పైకి తేలిన మడ్డిని వంచేస్తూ పోతే, పదిహేనో ఇరవయ్యో సారికి నీళ్లు తేటగా వచ్చాయి. మూడడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు ఉన్న తొట్టికి 5 సెంటీమీటర్ల లోతు కావాలంటే 20 లీటర్ల ఇసుక పడుతుంది, బరువులో 30 కిలోలకు పైన. ముందు భాగంలో 3 సెంటీమీటర్లు, మొక్కలున్న వెనుక భాగంలో 7 సెంటీమీటర్లు ఉండేలా వాలుగా పరిచాను. ఇంతకంటే లోతు అవసరం లేదు. లోతైన సన్న ఇసుకలో గాలి అందని పొరలు ఏర్పడి, కుళ్లిన గుడ్డు వాసన వచ్చే వాయువు పుడుతుంది. మన చెరువుల్లో దొరికే పొడవాటి మొనదేలిన నత్తలు ఇసుకలో దూరి తిరుగుతూ దాన్ని గుల్లగా ఉంచుతాయి. ఆ పని వాటికే వదిలేశాను, అవి వెళ్లని వెనుక మూలను మాత్రం నెలకోసారి సన్నని పుల్లతో కుళ్లగిస్తాను.

నది ఇసుక దొరకనివారికి నీళ్ల ఫిల్టర్లలో వాడే సిలికా ఇసుక రెండో మంచి ఎంపిక. పరిమాణం ముందే వేరు చేసి అమ్ముతారు, కడగడం తేలిక. రంగు మరీ తెల్లగా ఉండటం వల్ల చేపల వన్నె వెలిసినట్టు కనిపిస్తుందన్న ఒక్క కారణంతో నేను దాన్ని వాడలేదు.

ఇసుకలో పోషకాలు ఉండవు. దానిని లోపంగా చెబుతారు గానీ, నేను దానిని సౌకర్యంగానే చూస్తున్నాను, ఎందుకంటే ఏ మొక్కకు ఎంత పెట్టాలో అప్పుడు మన చేతిలో ఉంటుంది. క్రిప్టోకొరైన్, స్వోర్డ్ మొక్కలు వేళ్ల నుంచి ఎక్కువ తీసుకుంటాయి. అనూబియాస్, జావా ఫెర్న్ రాళ్లకు కట్టి పెంచేవి కాబట్టి నీళ్లలో ఉన్నదే వాటికి ఆహారం. వాలిస్నీరియా రెండు విధాలా బతుకుతుంది.

వేళ్ల దగ్గర పెట్టే బిళ్లల విషయంలో ఎంత లోతులో పెట్టామన్నదే కంపెనీ పేరు కంటే ముఖ్యం. మొదటిసారి రెండు సెంటీమీటర్ల లోతులో పెడితే, తెల్లారేసరికి చేపలు దాన్ని తవ్వి తీశాయి, పగిలిన బిళ్ల నుంచి పొగలా లేచింది. ఆ రకంలో నత్రజని అమ్మోనియా రూపంలో ఉందని కవరు వెనుక చదివాక తెలిసింది. ఆ రోజు సగం నీళ్లు మార్చి గట్టెక్కాను. ఇప్పుడు పొడవాటి పట్టకారుతో బిళ్లను గాజు అడుగు దాకా దించి, మొక్క మొదలుకు నాలుగు వేళ్ల దూరంలో పెట్టి, పైన చదునైన చిన్న రాయి ఉంచుతున్నాను. స్వోర్డ్‌కు మూడు నెలలకు రెండు, క్రిప్టోకొరైన్ గుంపుకు ఒకటి చాలు. పట్టకారును తీసేటప్పుడు నెమ్మదిగా తిప్పుతూ తీస్తే బిళ్ల దానితో పాటు పైకి రాదు.

సీసా ఎరువులు కొనేవారు ముందు వెనుక వైపు చదవాలి. సీకెమ్ ఫ్లోరిష్ పేరు మొక్కల ఆహారమనే వినిపిస్తుంది, కానీ అందులో నత్రజని 0.07 శాతమే, ఇనుము 0.32 శాతం, అంటే అది సూక్ష్మపోషకాల సీసా, నత్రజని కోసం కొనేది కాదు. ఆ పనికి అది చాలా మంచిది. 250 లీటర్లకు 5 మిల్లీలీటర్ల లెక్కన 150 లీటర్ల నీళ్లున్న మా తొట్టికి వారానికి 3 మిల్లీలీటర్లు సరిపోతాయి, 500 మిల్లీలీటర్ల సీసా మూడేళ్లు వస్తుంది. ఆ లెక్క వేసుకుంటే ధర ఎక్కువ అనిపించదు. ట్రోపికా వారి ప్రీమియంలో నత్రజని, భాస్వరం ఉండవు, స్పెషలైజ్డ్‌లో ఉంటాయి. చేపలు తక్కువ, మొక్కలు ఎక్కువ ఉన్నవారికి రెండోది కావాలి. ద్రవ కార్బన్ పేరుతో అమ్మే వాటిని నేను వాడను. వాటిలో ఉండేది గ్లుటరాల్డిహైడ్ కోవకు చెందిన రసాయనం, వాలిస్నీరియా దానికి కరిగిపోతుంది.

నత్రజని, పొటాషియం కోసం మాత్రం సీసాలు కొనడం మన జిల్లాలో అనవసరపు ఖర్చని నా గట్టి అభిప్రాయం. బత్తాయి తోటలకు డ్రిప్‌లో వదిలే 13-0-45 (ఈ అంకెలు వరుసగా నత్రజని, భాస్వరం, పొటాష్ శాతాలు) పొటాషియం నైట్రేట్‌తోనే ఆ రెండూ అందుతాయి. నేను మొదటిసారి ఎరువుల దుకాణానికి వెళ్లి కిలో ప్యాకెట్ అడిగినప్పుడు, "ఎన్ని ఎకరాలకు సారూ?" అని దుకాణదారు అడిగాడు. ఇంట్లో చేపల తొట్టిలో మొక్కలకని చెబితే ఆసక్తిగా విని, "అట్లయితే పందొమ్మిది పందొమ్మిది వద్దు, దాంట్ల యూరియా ఉంటది. ఇదే తీస్కపోండ్రి" అని సరైన ప్యాకెట్టే చేతికిచ్చాడు. ఆ జాగ్రత్త ప్రతి ఒక్కరూ పాటించాలి. 19-19-19, 12-61-0, డీఏపీ, వీటన్నిటిలో నత్రజని అమ్మోనియా గానో యూరియా గానో ఉంటుంది, మన పీహెచ్‌లో అవి చేపలకు విషం. ప్యాకెట్ మీద నత్రజని మొత్తం నైట్రేట్ రూపంలో ఉందని రాసి ఉంటేనే తీసుకోవాలి. తేమ తగలకుండా గట్టి డబ్బాలో, పొయ్యికి దూరంగా, పిల్లలకు అందకుండా ఉంచాలి. మంటను పెంచే గుణం ఉన్న పదార్థం అది.

వాడే తీరు ఇది. 60 గ్రాముల పొటాషియం నైట్రేట్‌ను ఆర్వో నీళ్లలో కరిగించి, మొత్తం 500 మిల్లీలీటర్ల ద్రావణం చేసి పెట్టుకుంటాను. అందులో 10 మిల్లీలీటర్లు వేస్తే 1.2 గ్రాముల ఎరువు పడుతుంది, 150 లీటర్ల నీళ్లలో నైట్రేట్ సుమారు 5 పీపీఎం (లీటరుకు మిల్లీగ్రాములు), పొటాషియం 3 పీపీఎం పెరుగుతాయి. ప్రతి ఆదివారం మూడో వంతు నీళ్లు మార్చిన తర్వాత ఒకసారి వేస్తాను. నైట్రేట్ పరీక్షలో 10 నుంచి 20 మధ్య ఉంటే నాకు సంతృప్తి. 20 దాటితే ఆ వారం మానేస్తాను, ఎందుకంటే చేపల వ్యర్థాల నుంచి కూడా నైట్రేట్ వస్తూనే ఉంటుంది. 0-52-34 అనే మోనో పొటాషియం ఫాస్ఫేట్ కూడా కొన్నాను గానీ, చేపల మేత నుంచే కావలసినంత భాస్వరం వస్తోందని పరీక్షలో తేలాక రెండు నెలలకే ఆపేశాను. జీహెచ్ తక్కువగా ఉండే బోరు నీళ్లు వాడేవారికి మెగ్నీషియం సల్ఫేట్ ఉపయోగపడుతుంది. 100 లీటర్లకు ఒక గ్రాము వేస్తే మెగ్నీషియం ఒక పీపీఎం పెరుగుతుంది.

నేను ఎక్కువ కాలం తడబడింది ఇనుము దగ్గర. బత్తాయి తోటల్లో లేత ఆకులు పసుపెక్కి ఈనెలు మాత్రం పచ్చగా ఉండటం ఈ జిల్లా రైతులందరికీ తెలిసిన లక్షణం. సున్నం ఎక్కువున్న నేలలో ఇనుము ఉన్నా వేళ్లకు అందకపోవడం దానికి కారణం. తొట్టిలో జరిగేదీ అదే. పీహెచ్ ఎక్కువున్న నీళ్లలో మామూలు ఇనుము తుప్పుగా మారి అడుగున పడిపోతుంది, అందుకే దాన్ని చీలేట్ అనే రసాయన కవచంలో ఉంచి అమ్ముతారు. దుకాణాల్లో ఎక్కువగా దొరికే ఈడీటీఏ చీలేట్ పీహెచ్ 6.5 దాటితే ఇనుమును పట్టి ఉంచలేదు, డీటీపీఏ 7.5 దాకా నిలుస్తుంది. ఈడీడీహెచ్ఏ అంతకంటే పైన కూడా నిలుస్తుంది గానీ నీళ్లకు ఎర్రని రంగు తెస్తుంది. ఈడీటీఏ వేసి ఆరు వారాలు చూశాను, స్వోర్డ్ కొత్త ఆకులు పాలిపోయి గాజులా వస్తూనే ఉన్నాయి. డీటీపీఏకు మారి, ఒకేసారి కాకుండా వారానికి మూడుసార్లు కొద్దికొద్దిగా వేయడం మొదలుపెట్టాక మూడో ఆకు నుంచి రంగు తిరిగింది. ఒకసారి పాలిపోయిన ఆకు మళ్లీ పచ్చబడదు కాబట్టి, కొత్తగా వచ్చే ఆకునే చూడాలి. ముదురు ఆకులు ముందు పసుపెక్కితే నత్రజని లోపం, ముదురు ఆకుల్లో సూది గుచ్చినట్టు రంధ్రాలు పడితే పొటాషియం లోపం. ఈ మూడు గుర్తులు తెలిస్తే పరీక్షల కిట్లు చాలా వరకు అక్కర్లేదు.

వేసవి గురించి ఒక మాట చెప్పకుండా ఉండలేను. మే నెలలో మా తొట్టి నీళ్లు 32 డిగ్రీలు దాటాయి. నీటి పైభాగానికి గాలి తగిలేలా చిన్న ఫ్యాన్ పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతాయి, కానీ ఆవిరైన నీళ్ల బదులు కుళాయి నీళ్లే పోస్తూ పోతే ఉప్పులు పేరుకుని కేహెచ్ పెరిగిపోతుంది. ఆ ఆవిరి భర్తీకి మాత్రం ఆర్వో నీళ్లే పోస్తున్నాను; రెండు నెలలకు కొన్ని క్యాన్లు, అంతే. ఆ రోజుల్లో ఎరువు మోతాదు పెంచాలనిపిస్తుంది, పెంచకూడదు. వేడి నీళ్లలో ప్రాణవాయువు తగ్గుతుంది, నాచు పెరిగితే రాత్రిపూట అడుగున ఉండే చేపకే ముందు ఊపిరాడదు.

అడుగున తిరిగే చేప అనగానే చాలామంది కొనే సక్కర్ ఫిష్‌ను ఈ తొట్టిలో వేయవద్దు. అది ఒక అడుగు పొడవు దాటి పెరుగుతుంది, ఎంత లోతున నాటినా మొక్కలను పెకలిస్తుంది. పెరిగిపోయిందని చెరువులో వదలడం అంతకంటే పెద్ద తప్పు. దెయ్యం చేపగా పేరుపడి అది ఇప్పటికే మన మత్స్యకారుల వలలను చింపుతోంది.

నది ఇసుక, బిళ్లలు, పొటాషియం నైట్రేట్, సూక్ష్మపోషకాల సీసా, డీటీపీఏ ఇనుము, ఈ కూర్పుతో మా తొట్టి పద్నాలుగు నెలలుగా నడుస్తోంది. క్రిప్టోకొరైన్ మొదటి నెలలో ఆకులన్నీ రాల్చి, తర్వాత వేళ్ల నుంచి తిరిగి లేచి ఇప్పుడు వెనుక గోడను కప్పేసింది. ఇందులో నేను ఇంకా పూర్తిగా సంతృప్తి చెందనిది బిళ్లల ధర ఒక్కటే. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు తొట్టితో మొదలుపెట్టేవారికి 5 సెంటీమీటర్ల లోతుకు 9 లీటర్ల ఇసుక, అంటే సుమారు 14 కిలోలు కావాలి; కడగడంలో, జల్లించడంలో పోయేది కలుపుకుని 20 కిలోలు తెచ్చుకోండి. అందులో నీళ్లు 50 లీటర్ల దాకా పడతాయి కాబట్టి, పైన చెప్పిన పొటాషియం నైట్రేట్ ద్రావణం వారానికి 3 మిల్లీలీటర్లు, సూక్ష్మపోషకాలు ఒక మిల్లీలీటరుతో మొదలుపెట్టి, రెండో నెల చివర కొత్త ఆకును చూసి మోతాదు మార్చుకోండి.